పైమట్టి, అడుగు మట్టి: చింతల వెంకటరెడ్డి సేద్యం నుంచి పాలమూరు చెలక రైతులు ఏం తీసుకోవచ్చు?

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల్లో మట్టి పని తెలియని ఇల్లు తక్కువ. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా ఒకప్పుడు పాలమూరు లేబర్ ఉండాల్సిందే. ఇక్కడి చెలకలు తిండి పెట్టలేక, వానలు మొహం చాటేసి, లక్షలాది మంది గడ్డపార, తట్ట పట్టుకొని వలస పోయారు. ఊరుగాని ఊళ్లో ఎన్నో అడుగుల లోతున మట్టి తీశారు. కానీ తమ సొంత పొలంలో నాలుగడుగుల కింద ఎలాంటి మట్టి ఉందో చూసుకున్న రైతులు కొద్దిమందే.

ఆ చూపును నలభై ఏళ్ల సేద్యం తర్వాత కూడా వదలని రైతు చింతల వెంకటరెడ్డి. హైదరాబాద్ పక్కన అల్వాల్‌కు చెందిన ఈ ద్రాక్ష రైతు మట్టితోనే నేలను బాగుచేయవచ్చని, మట్టితోనే పైరును కాపాడవచ్చని చెప్పి, చేసి చూపించి, 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. ఆయన పద్ధతిని తెలుగు రైతులు ‘సీవీఆర్ మట్టి సేద్యం’ అని పిలుస్తున్నారు. ఆయన జీవితం గురించి, పద్ధతి గురించి, మన మూడు జిల్లాల నేలల్లో దాన్ని ఎక్కడ వాడుకోవచ్చు, ఎక్కడ వాడకూడదు అనే విషయాల గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ముందే ఒక మాట. ఇది ‘ఎకరమంతా వెంటనే చేయండి’ అని చెప్పే వ్యాసం కాదు. ‘ఒక గుంటలో చేసి, కొలిచి, ఆ తర్వాతే నమ్మండి’ అని చెప్పే వ్యాసం. వెంకటరెడ్డి గారి నుంచి నేర్చుకోవాల్సింది కూడా ముందుగా అదే.

ఎవరీ వెంకటరెడ్డి?

1950లో పుట్టిన వెంకటరెడ్డి రైతు కుటుంబం నుంచి వచ్చారు. ఉద్యోగాల వైపు చూడకుండా సేద్యాన్నే ఎంచుకున్నారు. హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష తోటలు విస్తరించిన కాలంలో ఆయన కూడా ద్రాక్ష పండించారు. ద్రాక్ష పెట్టుబడి ఎక్కువ అడిగే పంట. తెగుళ్లు, పురుగులు ఎక్కువ, మందుల ఖర్చు ఎక్కువ. ఎరువులు ఎంత పోసినా కొన్నేళ్లకు నేల అలసిపోతుంది. ఈ ఇబ్బంది ఆ రోజుల్లో ప్రతి ద్రాక్ష రైతుకూ తెలిసిందే. చాలామంది తోటలు తీసేశారు. ఆయన మాత్రం నేల ఎందుకు అలసిపోతోందని ఆలోచించారు.

ఏళ్ల తరబడి వేర్లు పైమట్టిలోనే తిరుగుతూ అందులోని పోషకాలను వాడేసుకుంటాయి, అడుగు మట్టిలోని ఖనిజాలు మాత్రం అలాగే ఉండిపోతాయి అన్నది ఆయన వాదన. అడుగు మట్టిని పైకి తెచ్చి వాడితే నేలకు మళ్లీ బలం వస్తుందని భావించి, తన తోటలోనే చేసి చూశారు. ద్రాక్షతో మొదలుపెట్టి వరి, గోధుమ, కూరగాయల దాకా వెళ్లారు. ఈ పద్ధతికి మన దేశంలోనూ, ఇతర దేశాల్లోనూ పేటెంట్లు పొందారు. ఒక సాధారణ రైతు తన పొలంలో కనిపెట్టిన పనికి పేటెంటు దాకా వెళ్లడం తెలుగు నేలపై అరుదు.

తర్వాత వరి, గోధుమల్లో విటమిన్ డి వచ్చేలా పండించే విధానంపై పనిచేశారు. 2021 ఫిబ్రవరి 28న ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఈ కృషిని ప్రస్తావించారు. అప్పటి నుంచి ఆయన పేరు రైతుల సెల్‌ఫోన్లలో మరింతగా తిరిగింది.

ఆయన పద్ధతిలో రెండు భాగాలు

1. నేలకు మట్టి: పొలంలోనే ఒక చోట లోతుగా తవ్వి, అడుగు మట్టిని తీసి, ఎండబెట్టి, పైర్లకు పైపొరగా వేయడం లేదా పైమట్టి స్థానంలో వాడడం. కొన్నేళ్ల తర్వాత విశ్రాంతి పొందిన పాత పైమట్టిని మళ్లీ వాడుకోవచ్చు. అంటే నేలలోని రెండు పొరలను మార్చి మార్చి వాడడం.

2. పైరుకు మట్టి: పైమట్టి, అడుగు మట్టి కలిపి సుమారు 30 కిలోలను 200 లీటర్ల నీటిలో కలిపి, బరువు మట్టి అడుగుకు దిగాక పైనున్న మట్టి నీటిని వడకట్టి పైరుపై పిచికారీ చేయడం. ఆకు మీద నిలిచిన సన్నటి మట్టి రేణువులను మెత్తటి శరీరం గల పురుగులు తిని అరిగించుకోలేక చస్తాయని, ఆకుకు కొంత పోషకమూ అందుతుందని ఆయన చెబుతారు.

ఈ రెండింటికీ కావలసిన ముడిసరుకు బజారులో దొరికేది కాదు. మీ పొలంలోనే ఉంది. చిన్న రైతులకు ఈ పద్ధతి నచ్చడానికి కారణం అదే. అయితే అల్వాల్ నేల వేరు, అచ్చంపేట చెలక వేరు, అలంపూర్ రేగడి వేరు. అందుకే ముందు మన నేలల సంగతి చూద్దాం.

మన చెలకల అడుగున ఏముంది?

మన మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, ముఖ్యంగా అలంపూర్ వైపు నల్లరేగళ్లు ఉన్నాయి. ఏడాదికి సగటు వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అది కూడా కొద్ది రోజుల్లోనే కుండపోతగా పడిపోతుంది.

ఎర్ర చెలక గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన నేల. వేల ఏళ్లుగా పడిన వానలకు పైపొరలోని సన్నటి బంకమట్టి కొంత వరదకు కొట్టుకుపోయింది, కొంత నీటితో పాటు కిందికి దిగింది. అందుకే పైన ఇసుక పాలు ఎక్కువ, కింద బంక పాలు ఎక్కువ. పైన నీరు నిలవదు. వాన వెలిశాక పైన గట్టి పెచ్చు కడుతుంది, మొలక పైకి రావడానికి కష్టపడుతుంది. పది రోజులు వాన ఆగితే వేరుశనగ, మొక్కజొన్న వాడిపోతాయి. కింద మాత్రం చెమ్మ మిగిలే ఉంటుంది. కంది, ఆముదం వంటి లోతు వేరు పంటలు చెలకల్లో తట్టుకొని నిలబడడానికి ఇది ఒక కారణం.

కాబట్టి ఎర్ర చెలక రైతుకు అడుగు మట్టి ఆలోచన కొట్టిపారేయాల్సింది కాదు. పైనున్న ఇసుక నేలకు కింద ఉన్న బంకమట్టిని కొంత కలిపితే నీటిని పట్టి ఉంచే గుణం పెరుగుతుంది. మన తాతలు ఎండాకాలం చెరువు పూడిక తెచ్చి చెలకల్లో పోసింది కూడా ఇందుకే. మిషన్ కాకతీయలో చెరువులు పూడిక తీసినప్పుడు ఎందరో రైతులు ట్రాక్టర్లతో ఒండుమట్టి తోలుకున్నారు. చెరువు మట్టి అంటే మన పొలాల మీద నుంచి కొట్టుకుపోయిన మట్టే.

అయితే మూడు తేడాలు గుర్తుంచుకోండి.

- అన్ని చెలకల్లో నాలుగడుగుల లోతున మట్టి ఉండదు. కొన్ని చోట్ల అడుగున్నర, రెండడుగులకే మొరం, గరుసు తగులుతుంది. మొరం తెచ్చి పైన వేస్తే నేల బాగుపడదు, చెడిపోతుంది.
- నల్లరేగడిలో పైనా బంకే, కిందా బంకే. అక్కడ అడుగు మట్టి వేసినందువల్ల నీరు పట్టే గుణం పెరగదు. పైగా రేగడి అడుగున సున్నపు గడ్డలు, ఉప్పు, చౌడు ఉండవచ్చు. వాటిని పైకి తెస్తే మొలకే రాదు.
- కాలువల కింద ఏళ్లుగా వరి పండిస్తూ నీరు నిలిచే భూముల్లో కింద ఉప్పు చేరి ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా అడుగు మట్టిని కదిలించకండి.

పైమట్టిని చులకన చేయొద్దు: ప్రెయిరీ పాఠం

అడుగు మట్టి మంచిదని విని పైమట్టిని పారబోసే రైతులు ఉంటారు. వారికి అమెరికా ప్రెయిరీ రైతుల కథ చెప్పాలి. ప్రెయిరీ అంటే చెట్లు లేని విశాలమైన గడ్డి మైదానం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వలస వచ్చిన తొలి తరం రైతులు వేల ఏళ్లుగా అల్లుకున్న గడ్డి వేళ్లను నాగళ్లతో చీల్చి గోధుమ వేశారు. కొన్నేళ్లు బంగారం పండింది. 1930లలో కరువు వచ్చింది. గడ్డి వేళ్లు లేని నేల ఎండి పొడిగా మారి గాలికి లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుపాను పట్టపగలే చీకటి చేసింది. వేల కుటుంబాలు భూములు వదిలి కూలి పనులకు వలస పోయాయి. ఆ నెలలోనే అమెరికా నేల సంరక్షణ చట్టం చేసింది.

వలస అనే మాట పాలమూరు రైతుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కథ నేర్పేది ఇది: చివికిన ఆకు, పేడ, వేళ్లు, సూక్ష్మజీవులు ఉండేది పైమట్టిలోనే. అడుగు మట్టిలో బంక, ఖనిజాలు ఉండవచ్చు గానీ సేంద్రియ పదార్థం చాలా తక్కువ, నత్రజని తక్కువ. అందుకే అడుగు మట్టి వాడినా పైమట్టిని దాచుకోవాలి, పశువుల ఎరువు తప్పకుండా కలపాలి. వెంకటరెడ్డి గారి పద్ధతిలోనూ పైమట్టిని పారేయరు, కొంతకాలం తర్వాత మళ్లీ వాడుకుంటారు.

మొదటి పని: ఒక గుంత తవ్వి చూడండి

ఎండాకాలంలో, దుక్కులకు ముందు ఈ పని పెట్టుకోండి.

1. పొలంలో సగటుగా ఉన్న చోటు ఎంచుకోండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట వద్దు.
2. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో గుంత తీయండి. నాలుగడుగుల లోతు దాకా వెళ్లండి. మధ్యలో మొరం గానీ రాయి గానీ తగిలితే అక్కడే ఆపండి.
3. గుంత గోడను చాకుతో చెక్కి చూడండి. రంగు ఎక్కడ మారింది, ఎక్కడ బంక మొదలైంది, సున్నపు గడ్డలు ఉన్నాయా, వేర్లు ఎంత లోతు దాకా వెళ్లాయి అనేవి టేపుతో కొలిచి రాసుకోండి.
4. పై అడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని వేరే పక్క కుప్ప పోయండి. రెండూ కలవనివ్వకండి.
5. చూడటం అయిపోయాక గుంతను పూడ్చండి, లేదా చుట్టూ కంప వేయండి. పిల్లలు, పశువులు పడే ప్రమాదం ఉంది.

మీ పొలంలో గానీ పక్క పొలంలో గానీ నీటికుంట, బావి తవ్వుతుంటే వేరే గుంత అక్కర్లేదు. ఉపాధి హామీ కింద నీటికుంట తవ్వించుకునే రైతులు అడుగు మట్టిని గట్టు మీద పారబోయకుండా విడిగా కుప్ప పోయించుకుంటే తవ్వకం ఖర్చు లేకుండానే మట్టి దొరుకుతుంది. మొదట వచ్చిన పైమట్టిని కూడా వేరుగా పోయించుకోవాలి.

రెండో పని: సీసా పరీక్ష, భూసార పరీక్ష

సీసా పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. రెండు లీటరు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో పైమట్టి, మరోదాంట్లో అడుగు మట్టి మూడో వంతు దాకా పోయండి. నిండా నీళ్లు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి, అయిదు నిమిషాలు గట్టిగా ఊపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. కొన్ని గంటల్లో దాని మీద పేరుకునేది సన్నటి ఒండు. ఒకటి రెండు రోజులకు అన్నిటికంటే పైన పేరుకునేది బంక. రెండు సీసాల్లో పొరలను స్కేలుతో కొలవండి. అడుగు మట్టి సీసాలో బంక పొర స్పష్టంగా ఎక్కువ ఉంటేనే ఆ మట్టి మీ చెలకకు పనికొస్తుంది. రెండూ ఒకేలా ఉంటే అంత కష్టపడి తవ్వాల్సిన పని లేదు.

తర్వాత రెండు మట్టి నమూనాలను అరకిలో చొప్పున నీడలో ఆరబెట్టి, వేర్వేరు సంచుల్లో పోసి, ‘పైమట్టి’, ‘అడుగు మట్టి, ఇన్ని అడుగుల లోతు’ అని చీటీ రాసి భూసార పరీక్షకు ఇవ్వండి. మీ క్లస్టర్ రైతు వేదికలో ఉండే వ్యవసాయ విస్తరణ అధికారి సహాయం తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ శాస్త్రవేత్తలను అడిగి తెలుసుకోవచ్చు.

ఫలితంలో ముందుగా రెండు అంకెలు చూడండి. ఉదజని సూచిక 8.5 దాటితే గానీ, లవణ సూచిక 1 దాటితే గానీ ఆ అడుగు మట్టిని వాడకండి. సేంద్రియ కర్బనం అడుగు మట్టిలో పైమట్టి కంటే తక్కువగానే వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఆ లోటును పశువుల ఎరువుతో పూడ్చుకోవాలి.

ఎంత మట్టి కావాలి? లెక్క చూసుకోండి

వీడియోలు చూసి ఎకరమంతా మట్టి మార్చాలనుకునే ముందు ఈ లెక్క వేయండి.

- ఒక గుంట భూమిపై అంగుళం మందంలో మట్టి పరచాలంటే సుమారు 90 ఘనపుటడుగులు కావాలి. అంటే దాదాపు ఒక ట్రాక్టర్ ట్రాలీ.
- ఎకరానికి అంగుళం మందం అంటే సుమారు 3,630 ఘనపుటడుగులు. నూరు ఘనపుటడుగుల ట్రాలీతో 36 ట్రిప్పులు.
- ఒక గుంటకు సరిపడా మట్టిని రెండడుగుల నుంచి నాలుగడుగుల లోతు మధ్య తీయాలంటే, ఏడడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు గల గుంత చాలు. ఎకరానికైతే అలాంటివి నలభై కావాలి.

యంత్రం కిరాయి, ట్రాక్టర్ కిరాయి, పరిచే కూలి మీ ఊరి ధరల ప్రకారం లెక్కకట్టండి. రెండెకరాల వర్షాధార రైతు అప్పు తెచ్చి ఎకరమంతా మట్టి మార్చడం తెలివైన పని కాదు. తక్కువ విస్తీర్ణంలో ఎక్కువ విలువ వచ్చే చోటే ఈ పద్ధతి మొదలుపెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కూరగాయల మళ్లు: ఇంటి అవసరానికో, సంతలో అమ్మకానికో గుంట, రెండు గుంటల్లో టమాటా, వంగ, బెండ, ఆకుకూరలు వేసే రైతులకు ఇది అనువు. అంగుళం మందంలో అడుగు మట్టి పరచి, గుంటకు రెండు మూడు క్వింటాళ్ల చివికిన పశువుల ఎరువు వేసి, పైమట్టితో కలిసేలా తేలికగా దున్నండి.

మామిడి, ఇతర పండ్ల తోటలు: కొల్లాపూర్ ప్రాంతంలో మామిడి పెట్టే రైతులు ఎలాగూ గుంతలు తవ్వుతారు. మూడడుగుల గుంత నుంచి 27 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. పది మీటర్ల దూరంలో పెడితే ఎకరానికి 40 గుంతలు. అందులో నాలుగు గుంతలు మాత్రమే ప్రయోగానికి కేటాయించండి. వాటిలో పైమట్టి సగం, బంక ఉన్న అడుగు మట్టి సగం, 40 నుంచి 50 కిలోల చివికిన ఎరువు కలిపి నింపండి. మిగతా గుంతలు మామూలుగా పైమట్టి, ఎరువుతో నింపండి. గుంత అడుగున మొరం వస్తే ఆ మొరాన్ని గుంతలోకి తిరిగి వేయకండి, గట్టుకు వాడండి.

వేరుశనగ: వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో యాసంగి వేరుశనగ ముఖ్యమైన పంట. వేరుశనగకు ఊడ దిగడానికి, కాయ ఊరడానికి వదులు నేల కావాలి. బంక ఎక్కువైతే కాయలు భూమిలోనే తెగి ఉండిపోతాయి. అందువల్ల వేరుశనగ చెలకలో అంగుళానికి మించి అడుగు మట్టి వేయవద్దు. ఒక గుంటలో చూశాకే ముందుకు వెళ్లండి.

విత్తన పత్తి: గద్వాల ప్రాంతంలో కంపెనీల ఒప్పందంపై విత్తన పత్తి పండించే రైతులు ఆ పొలంలో ప్రయోగాలు చేయకండి. నాణ్యతలో తేడా వస్తే నష్టం మీదే. ప్రయోగానికి వేరే మడి చూసుకోండి.

మట్టి ద్రావణం పిచికారీ

ఇది ఖర్చు తక్కువ పని, కాబట్టి చిన్న రైతు ముందుగా దీన్నే చేసి చూడవచ్చు.

- ఎకరానికి 200 లీటర్ల నీరు, 30 కిలోల మట్టి అంటే గుంటకు 5 లీటర్ల నీరు, 750 గ్రాముల మట్టి. 15 లీటర్ల ట్యాంకుకు రెండుంపావు కిలోల మట్టి సరిపోతుంది, మూడు గుంటలకు వస్తుంది.
- మట్టిని బాగా ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, జల్లించి సంచుల్లో దాచుకోండి. వానాకాలంలో ఎండిన మట్టి దొరకదు.
- మందులు, కలుపు మందులు ఎక్కువగా చల్లిన చోటి పైమట్టి, పెంట పక్కన మట్టి వాడకండి.
- నీటిలో పోసి కర్రతో బాగా కలిపి, ఇసుక అడుగుకు దిగేదాకా ఆగి, పై నీటిని పలుచని గుడ్డతో రెండుసార్లు వడకట్టండి. లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. పని అయ్యాక ట్యాంకును, గొట్టాన్ని మంచి నీటితో కడగండి.
- సాయంత్రం పూట, ఆకుల కింది భాగం కూడా తడిసేలా కొట్టండి. వాన పడితే కడిగిపోతుంది, మళ్లీ కొట్టాలి.
- ఈ ద్రావణంలో పురుగు మందు గానీ కలుపు మందు గానీ కలపకండి. మట్టి నీటిలో కొన్ని మందుల శక్తి తగ్గిపోతుంది.

ఏ పురుగుకు ఆశ పెట్టుకోవచ్చో కూడా ఆలోచించండి. ఆకు మీద తిరుగుతూ ఆకును కొరికి తినే చిన్న పురుగు మట్టిని తినే అవకాశం ఉంది. పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపల ఉంటుంది, ఆకు మీది మట్టి దాన్ని చేరదు. వరిలో కాండం తొలిచే పురుగు కూడా అంతే. రసం పీల్చే పురుగులు ఆకును కొరకవు, ఆకులోకి ముల్లు గుచ్చి రసం తాగుతాయి. మిరపలో తామర పురుగులు ఉధృతంగా ఉన్నప్పుడు కేవలం మట్టి నీటిని నమ్ముకొని రోజులు గడపకండి. జిగురు అట్టలు పెట్టి, పురుగుల సంఖ్య చూసి, అధికారుల సలహాతో చర్యలు తీసుకోండి.

మూడో పని: పోల్చి చూడండి

‘మట్టి వేశాను, పంట బాగుంది’ అంటే సరిపోదు. ఆ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు. మట్టి వేయని చోట ఎలా ఉందో తెలియకపోతే మట్టి పనిచేసిందో లేదో తెలియదు. ఇలా చేయండి.

1. ఒకే చెలకలో పక్కపక్కన నాలుగు గుంటలు గుర్తు పెట్టండి.
2. ఒకటి, మూడు గుంటల్లో అడుగు మట్టి వేయండి. రెండు, నాలుగు గుంటలు మామూలుగా వదలండి.
3. నాలుగింటికీ ఒకే విత్తనం, ఒకే రోజు, ఒకే ఎరువు, ఒకే నీరు. పశువుల ఎరువు కూడా సమానంగా వేయాలి. లేకపోతే ఫలితం మట్టిదో, ఎరువుదో తేలదు.
4. వీలుంటే మరో రెండు గుంటల్లో అడుగు మట్టికి బదులు చెరువు మట్టి వేసి చూడండి. మీ ఊరికి ఏది చౌక, ఏది మేలు అన్నది తెలుస్తుంది.
5. వాన ఆగిన పదో రోజున ఏ మడి ముందు వాడిందో రాసుకోండి. చెలక రైతుకు దిగుబడి ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.
6. కోత రోజు ప్రతి గుంట పంటను విడిగా తూకం వేయండి. గుంట దిగుబడిని 40తో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది.
7. మట్టికి పెట్టిన ఖర్చు ఒక పక్క, అదనంగా వచ్చిన పంట విలువ మరో పక్క రాయండి. మట్టి ప్రభావం ఒక్క ఏడుతో పోదు కాబట్టి కనీసం రెండు పంటలు చూడండి.

రెండు మట్టి మళ్లూ రెండు మామూలు మళ్ల కంటే మెరుగ్గా ఉంటేనే ఫలితం వచ్చిందని అనుకోండి. ఒకటి పెరిగి, ఒకటి తగ్గితే ఇంకో పంట చూడాలి.

మరికొన్ని జాగ్రత్తలు

- ఛాతీ లోతు దాటిన గుంతలోకి ఒంటరిగా దిగకండి. దుబ్బ నేలలో గోడ విరిగి పడుతుంది.
- గట్లు, బోరు, విద్యుత్ స్తంభం పక్కన తవ్వకండి.
- చెరువు మట్టి తీసుకోవాలంటే గ్రామ పంచాయతీ, నీటిపారుదల అధికారుల అనుమతి తీసుకోండి. పొలం మట్టిని బయటికి అమ్మకండి. పోయిన పైమట్టి మళ్లీ రాదు.
- ‘ప్రత్యేకమైన అడుగు మట్టి’ అని సంచుల్లో అమ్మే వారి దగ్గర కొనకండి. ఈ పద్ధతి అసలు ఉద్దేశమే మీ మట్టిని మీరు వాడుకోవడం.
- పేటెంటు ఉందంటే ఆ పద్ధతి కొత్తదని అర్థం. అది ప్రతి నేలలో, ప్రతి పంటకు పనిచేస్తుందని కాదు. పద్మశ్రీ ఆ రైతు కృషికి గౌరవం, మీ పొలానికి సిఫారసు కాదు.
- మట్టి సేద్యంలో పండించిన ధాన్యంలో విటమిన్లు ఉన్నాయని ప్రయోగశాల పరీక్ష లేకుండా చెప్పి అమ్మకండి. కొనేవారి నమ్మకం ఒక్కసారి పోతే మళ్లీ రాదు.
- వాలు ఉన్న చెలకలో ముందు వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు సరిచేయడం చేయండి. లేకపోతే తవ్వి పోసిన బంకమట్టి తొలి పెద్ద వానకే వాగులో కలుస్తుంది.

వెంకటరెడ్డి మనకు ఇచ్చింది ఏమిటి?

ఆయన చెప్పిన ప్రతి మాటా మన చెలకకు సరిపోకపోవచ్చు. ఆయన దిగుబడులు మనకు రాకపోవచ్చు. కానీ ఒక రైతు తన పొలంలో వచ్చిన సమస్యకు జవాబు కోసం దుకాణం వైపు కాకుండా నేల వైపు చూశాడు. చేసి చూశాడు, ఏళ్ల తరబడి రాసుకున్నాడు, దాన్ని పేటెంటు కార్యాలయాల ముందు నిలబెట్టాడు. పరిశోధన అంటే పెద్ద చదువులు చదివిన వారి పని మాత్రమే అనుకునే చోట, అది రైతు పని కూడా అని నిరూపించాడు.

పాలమూరు రైతుకు మట్టి తవ్వడం ఎవరూ నేర్పాల్సిన పని లేదు. ఇంతకాలం ఆ చేతులు ఊరుగాని ఊళ్ల పనులకు తవ్వాయి. ఈ ఎండాకాలం ఒక్క రోజు సొంత చెలకలో తవ్వి చూడండి. మే నెలలో గుంత, సీసా పరీక్ష, భూసార నమూనా. రోహిణి కార్తెలో నాలుగు గుంటల మడి సిద్ధం. మృగశిర వానకు విత్తనం. కోతకు తక్కెడ, ఒక నోటు పుస్తకం. వచ్చిన ఫలితం మంచిదైనా కాకపోయినా రైతు వేదికలో పది మందికి చెప్పండి. పనిచేయలేదని తెలిసినా అది పక్క రైతు 36 ట్రాలీల ఖర్చును మిగిలిస్తుంది.